మీథేన్ ఒప్పందం - వరి మడి

2021లో గ్లాస్గో వాతావరణ సదస్సులో వెలువడిన ప్రపంచ మీథేన్ ప్రతిజ్ఞ, ఆ వాయు ఉద్గారాలను 2030 నాటికి 2020 స్థాయికంటే కనీసం 30 శాతం తగ్గించాలని నిర్దేశించింది. చిన్నరైతుల వరిసాగు, పశుపోషణలను దృష్టిలో ఉంచుకొని భారత్ అందులో చేరలేదు. వియత్నాం చేరింది, మెకాంగ్ డెల్టాలో పది లక్షల హెక్టార్ల తక్కువ ఉద్గార వరిసాగు పథకాన్ని 2023లో ఆమోదించింది.

నిల్వనీటి అడుగున ప్రాణవాయువు అందని నేలలో సూక్ష్మజీవులు మీథేన్‌ను ఉత్పత్తి చేస్తాయి. పూతదశలో తప్ప, నీటిమట్టం నేలకు 15 సెంటీమీటర్ల దిగువకు చేరిన పిదప మరల తడి ఇచ్చే ఆరుతడి పద్ధతి ఈ వాయువును తగ్గిస్తుంది, నీటిని ఆదా చేస్తుంది. అయితే తదుపరి తడి సకాలంలో అందుతుందన్న భరోసా లేనిదే చివరి ఆయకట్టు రైతు మడిని ఆరనివ్వడు. కావున అంతర్జాతీయ ఒప్పందాలు లక్ష్యాలతోపాటు నమ్మకమైన నీటి పంపిణీకి, దిగుబడి నష్టభయం నుండి రక్షణకు నిధులను కూడా సమకూర్చడం అవసరం.