జడ్పీటీసీ నుంచి సీఎం దాకా: రేవంత్ రెడ్డికి దొరికిన మెట్టు

ఈరోజు చిన్న క్విజ్‌తో మొదలుపెడదాం. తెలంగాణ ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి సీఎం అవ్వకముందు ఏ శాఖకి మంత్రిగా చేశారు?

విద్యుత్? రెవెన్యూ? అవేవీ కాదు. అసలు మంత్రిగానే చేయలేదు. 2023 డిసెంబర్ 7న ఎల్బీ స్టేడియంలో ప్రమాణం చేసే రోజు వరకూ ఆయన ఎప్పుడూ అధికార పక్షంలో ఎమ్మెల్యేగా కూడా లేరు. మా సాఫ్ట్‌వేర్ వాళ్ల భాషలో చెప్పాలంటే, ఒక్కరోజు కూడా మేనేజర్‌గా చేయకుండా డైరెక్టుగా సీఈఓ కుర్చీలో కూర్చోవడం అన్నమాట.

మరి మొదటి మెట్టు ఎక్కడ పడింది? మిడ్జిల్‌లో.

ఆయన సొంతూరు కొండారెడ్డిపల్లి, వంగూరు మండలం. అప్పట్లో అది మహబూబ్‌నగర్ జిల్లా, ఇప్పుడు నాగర్‌కర్నూల్. 2006 స్థానిక ఎన్నికల్లో మాత్రం మిడ్జిల్ మండలం నుంచి జడ్పీటీసీగా నిలబడ్డారు, అదీ ఇండిపెండెంట్‌గా. గెలిచారు. ఇక్కడ ఒక విషయం గమనించాలి. సర్పంచ్ ఎన్నికల్లో పార్టీ గుర్తులుండవు కాబట్టి అక్కడ ఇండిపెండెంట్ అన్న మాటకి పెద్ద అర్థం లేదు. ఎంపీటీసీ, జడ్పీటీసీ ఎన్నికలు మాత్రం పార్టీ గుర్తుల మీదే జరుగుతాయి. చెయ్యి, సైకిల్ ఉన్న బ్యాలెట్‌లో వాటిని దాటి గెలవడమంటే ఆ మండలంలో మనిషిని చూసి ఓటేశారనే అర్థం.

సరే, జడ్పీటీసీ అంటే ఏంటి? మండలానికి ఒకరు. జిల్లా పరిషత్‌లో ఆ మండలం తరఫున కూర్చునే మెంబర్. చాలామంది జడ్పీటీసీలు చెప్పుకునే బాధ ఒకటే: పేరు పెద్దది, చేతిలో పైసలు తక్కువ. మూణ్నెల్లకో మీటింగ్, అక్కడ ఆఫీసర్లని నిలదీయడం, ఫొటో పేపర్లో రావడం. నిధుల సంగతి చూస్తే ఊళ్లో సర్పంచే నయం అనిపిస్తుంది.

కానీ జడ్పీటీసీ దగ్గర సర్పంచ్‌కి లేనిది ఒకటుంది. ఎమ్మెల్సీ ఓటు.

శాసనమండలిలో దాదాపు మూడో వంతు సీట్లు స్థానిక సంస్థల కోటా. ఆ ఎమ్మెల్సీలని మనం ఎన్నుకోం. జడ్పీటీసీలు, ఎంపీటీసీలు, మున్సిపల్ కౌన్సిలర్లు, కార్పొరేటర్లు ఓటేస్తారు, ఇంకొందరు ఎక్స్ అఫీషియో సభ్యులుంటారు. సర్పంచ్‌లకీ వార్డు మెంబర్లకీ ఇందులో ఓటు లేదు. సైజు ఎంతుంటుందో చూడండి: 2024 మార్చిలో మహబూబ్‌నగర్ స్థానిక సంస్థల ఎమ్మెల్సీ ఉపఎన్నిక జరిగితే ఉమ్మడి జిల్లా మొత్తమ్మీద ఓటర్లు 1,439 మంది. అంతే! ఒక పెద్ద అపార్ట్‌మెంట్ కమ్యూనిటీలో అంతకంటే ఎక్కువ మంది ఉంటారు. అసెంబ్లీకి లక్షల మందిని కలవాలి. ఇక్కడ ఓపిక ఉంటే ప్రతి ఓటరు ఇంటికీ వెళ్లి చాయ్ తాగొచ్చు.

ఇప్పుడు టైమింగ్ చూడండి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మండలిని 1985లో ఎన్టీఆర్ ప్రభుత్వ హయాంలో రద్దు చేశారు. అంటే ఇరవై ఏళ్లకు పైగా ఒక జడ్పీటీసీ పైకి వెళ్లాలంటే అసెంబ్లీ టికెట్ కోసం పార్టీ ఆఫీసు చుట్టూ తిరగడమే దారి. 2007లో మండలి తిరిగొచ్చింది. మొత్తం 90 సీట్లు, అందులో 31 స్థానిక సంస్థలవి. మన మిడ్జిల్ జడ్పీటీసీ గెలిచి అప్పటికి ఏడాది కూడా సరిగా కాలేదు. ఆ 2007లోనే మళ్లీ ఇండిపెండెంట్‌గా ఎమ్మెల్సీ అయ్యారు. కష్టం ఆయనదే, కాదనను. కానీ ఆ మెట్టు పదేళ్ల ముందు అసలు లేనే లేదు. 1995లో జడ్పీటీసీ అయినవాళ్లలో ఎంతమంది ఇలాంటి వాళ్లున్నారో మనకి పేర్లు కూడా తెలియవు.

మిగతాది మీకు తెలిసిందే, ఫాస్ట్‌గా చెప్పేస్తా. టీడీపీలో చేరి 2009లో, 2014లో కొడంగల్ ఎమ్మెల్యే. 2017లో కాంగ్రెస్. 2018లో అదే కొడంగల్‌లో ఓటమి. ఆర్నెల్లు తిరక్కుండా, దేశంలోనే అత్యధిక ఓటర్లున్న మల్కాజ్‌గిరిలో 10,919 ఓట్ల తేడాతో ఎంపీ. 2021లో పీసీసీ అధ్యక్షుడు. తర్వాత సీఎం.

మధ్యలో 2015 మే 31 ఉంది, దాన్ని వదిలేస్తే ఈ ఎపిసోడ్‌కి న్యాయం జరగదు. ఒక ఎమ్మెల్సీ ఎన్నికలో ఓటు కోసం నామినేటెడ్ ఎమ్మెల్యేకి డబ్బు ఇవ్వజూపారన్న ఆరోపణ మీద ఏసీబీ ఆయన్ని అరెస్టు చేసింది. తనని ఇరికించారన్నది ఆయన వాదన. ఆ కేసులో ఎవరు కరెక్టో చెప్పడం కోర్టు పని. నేను చెప్పేది వేరే: ఓటర్లు తక్కువగా ఉన్న ఎన్నికలో ఒక్కో ఓటు బరువు పెరుగుతుంది, దాంతో పాటే రేటు గురించిన మాటలూ పెరుగుతాయి. ఏ పార్టీ అయినా సరే, ఎమ్మెల్సీ ఎన్నికలనగానే క్యాంపులు, రిసార్టులు, బస్సులు ఊరికే గుర్తుకు రావు.

ఇందాక చెప్పిన 2024 ఉపఎన్నిక ఫలితం కూడా వినండి. ఆ సీటు ఎందుకు ఖాళీ అయిందంటే అక్కడి ఎమ్మెల్సీ కసిరెడ్డి నారాయణరెడ్డి కల్వకుర్తి ఎమ్మెల్యేగా గెలిచారు. మళ్లీ అదే రూటు! పోటీ జరిగింది సీఎం సొంత జిల్లాలో, సీఎం ఒకప్పుడు తొక్కిన దారిలోనే. గెలిచింది మాత్రం బీఆర్ఎస్, వందకు పైచిలుకు ఓట్ల తేడాతో. ఎందుకంటే ఆ ఓటర్లలో చాలామంది 2019లో, బీఆర్ఎస్ ఇంకా టీఆర్ఎస్‌గా అధికారంలో ఉన్న రోజుల్లో గెలిచిన ఎంపీటీసీలు, జడ్పీటీసీలు. ప్రభుత్వం మారినా ఓటర్ల లిస్టు పాతదే.

ఆ లిస్టులోని ఎంపీటీసీ, జడ్పీటీసీల పదవీకాలం 2024 జులైలో ముగిసింది. ఏడాది గడిచినా కొత్తవాళ్లు రాలేదు, బీసీ రిజర్వేషన్ల లెక్క కోర్టుల దాకా వెళ్లింది. పంచాయతీలకైతే అంతకుముందే, 2024 ఫిబ్రవరిలోనే ప్రత్యేకాధికారులు వచ్చారు. ఎన్నికలు లేటు చేయడం ఈ ప్రభుత్వంతోనే మొదలు కాలేదు, ఉమ్మడి రాష్ట్రంలోనూ చూశాం. కానీ జడ్పీటీసీగా మొదలైన సీఎం ఉన్నప్పుడు ఈ ప్రశ్న ఇంకాస్త గట్టిగా అడగాలి.

మన వయసు వాళ్లకి ఇంకో లెక్క. జడ్పీటీసీకి నిలబడాలంటే 21 ఏళ్లు నిండితే చాలు. ఎమ్మెల్యేకి 25, ఎమ్మెల్సీకి 30. ఎన్నిక రెండేళ్లు ఆగిందంటే 21 ఏళ్ల కుర్రాడు 23కి వచ్చేస్తాడు, ఆ రెండేళ్లు మండలం మీటింగులో అతని కుర్చీ అసలు ఉండదు. పైగా స్థానిక సంస్థల్లో, వాటి ఓటర్లలో 75 శాతం ఉంటేనే ఆ కోటా ఎమ్మెల్సీ ఎన్నిక పెట్టాలన్నది ఎన్నికల సంఘం నిబంధన. కింద కుర్చీలు ఖాళీగా ఉంటే పైన మండలిలో కుర్చీ కూడా ఖాళీగానే ఉంటుంది.