దిద్దుబాటుకు తలుపులు తెరిచిన సాఫ్ట్‌వేర్

తెలుగు వికీపీడియాలో ఏ వ్యాసం తెరిచినా పైన దాని చరిత్ర చూపించే ట్యాబు ఒకటుంటుంది. నొక్కితే ఆ వ్యాసాన్ని ఎవరు మొదలుపెట్టారో, తర్వాత ఎవరెవరు ఎప్పుడు చెయ్యి వేశారో వరుసగా కనిపిస్తుంది. ఏవైనా రెండు కూర్పులను పోల్చమంటే పాత వాక్యం ఎడమవైపు, కొత్త వాక్యం కుడివైపు వచ్చి, మారిన మాటలు రంగులో తేలతాయి. ఊరి జనాభాలో ఒక్క అంకె మార్చినా దాగదు. ఈ పని చేసిపెట్టే సాఫ్ట్‌వేర్ పేరు మీడియావికీ.

చదివేవాళ్లే పేజీని అక్కడికక్కడ దిద్దవచ్చన్న ఆలోచన దానికంటే పాతది. అమెరికన్ ప్రోగ్రామర్ వార్డ్ కన్నింగ్‌హామ్ 1995 మార్చి 25న మొట్టమొదటి వికీని వెబ్‌లో పెట్టారు. తోటి ప్రోగ్రామర్లు తమ పనిలోని మెళకువలను పంచుకోవడానికి కట్టిన సైటు అది. ఆ ఆలోచనను అందుకుని చాలామంది తమ తమ వికీ ప్రోగ్రాములు రాశారు. వాటిలో క్లిఫర్డ్ ఆడమ్స్ రాసిన యూజ్‌మాడ్‌వికీ మీదే 2001 జనవరి 15న వికీపీడియా మొదలైంది.

ఏడాది తిరిగేసరికి ఇంగ్లీషులో దాదాపు 20,000 వ్యాసాలు పోగయ్యాయి. యూజ్‌మాడ్‌వికీకి డేటాబేస్ లేదు. పేజీలన్నీ మామూలు ఫైళ్లలో ఉండేవి. పైగా పాత కూర్పులను కొన్నాళ్లకు చెరిపేసేది. ఎవరైనా వచ్చి దిద్దగలిగే పుస్తకానికి ఇది పెద్ద లోటు. పాత కూర్పు భద్రంగా ఉంటేనే చెడిన పేజీని తిరిగి నిలబెట్టగలం.

జర్మనీలోని కొలోన్‌లో చదువుకుంటున్న జీవశాస్త్ర విద్యార్థి మాగ్నస్ మాన్‌స్కె ఈ లోటు తీర్చే పని తలకెత్తుకున్నారు. పీహెచ్‌పీ భాషలో, మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌తో కొత్త ప్రోగ్రాము రాశారు. 2002 జనవరి 25న వికీపీడియా దాని మీదికి మారింది. జనం పెరిగేకొద్దీ అదీ నెమ్మదించింది. లీ డేనియల్ క్రాకర్ దాన్ని మళ్లీ రాయగా, అదే ఏడాది జులైలో ఆ కూర్పు పనిలోకి దిగింది. ఇద్దరూ స్వచ్ఛందంగా చేసినవాళ్లే. మీడియావికీ అన్న పేరు 2003లో వచ్చింది.

ఒకరు ఆపిన చోట మరొకరు అందుకోగలిగారంటే కారణం దాని లైసెన్సు. జీపీఎల్ కింద విడుదలైన ఈ ప్రోగ్రామును ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు, లోపల ఏముందో చదవవచ్చు, మార్చుకోవచ్చు. మార్చినదాన్ని ఇతరులకు పంచితే మాత్రం మూలసంకేతాన్ని కూడా అదే షరతులతో ఇవ్వాలి.

ఒకే పేజీని ఇద్దరు ఒకేసారి దిద్దుతుంటే? వేర్వేరు పేరాల్లో చేసిన మార్పులైతే మీడియావికీ చాలావరకు తానే కలిపేస్తుంది. ఇద్దరూ ఒకే వాక్యాన్ని మారిస్తే, ముందు భద్రపరిచినవారి మార్పును ఉంచి, రెండోవారికి ఇద్దరి రాతలూ చూపించి సర్దుకోమంటుంది. ఎవరి శ్రమా చెప్పాపెట్టకుండా పోదు.

తెలుగు వికీపీడియా 2003 డిసెంబరు 10న పుట్టింది. బొత్తాల పేర్ల నుంచి హెచ్చరికల దాకా అన్నిటినీ తెలుగు చేసింది స్వచ్ఛంద సేవకులే. కంప్యూటరులో తెలుగు కీబోర్డు లేకపోయినా, దిద్దే పెట్టెలోనే తెలుగు టైపు చేసే వీలుంది. అదే సాఫ్ట్‌వేర్ తెలుగు వికీసోర్స్‌లో పాత పుస్తకాలకు ప్రాణం పోస్తోంది. తెరమీద ఒక పక్క స్కాన్ చేసిన పుట, మరో పక్క దాని పాఠ్యం ఉంటాయి. అచ్చుతో సరిపోల్చి ఒకరు దిద్దితే ఆ పుట పసుపు రంగులోకి మారుతుంది. మరొకరు మళ్లీ చూసి ఆమోదిస్తేనే ఆకుపచ్చ.

వికీపీడియాకు బయటా దీన్ని వాడేవాళ్లు ఎందరో. నాసాలో వ్యోమగాముల అంతరిక్ష నడకలకు సంబంధించిన పరిజ్ఞానాన్ని మీడియావికీలో భద్రపరుస్తున్నారు. అమెరికా నిఘా సంస్థల ఇంటెల్లిపీడియా కూడా దీని మీదే నడుస్తోంది. ఒక కళాశాల గ్రంథాలయమో, ఊరి చరిత్ర సేకరించే బృందమో పైసా లైసెన్సు రుసుము లేకుండా దీన్ని పెట్టుకోవచ్చు. ఇంటర్నెట్ లేని చోట స్థానిక నెట్‌వర్కులోనూ నడుస్తుంది.

మన పల్లెల మీద తెలుగు వికీపీడియాలో వేల వ్యాసాలున్నాయి. మీ ఊరి పేజీ ఉందేమో వెతికి చూడండి. తప్పుంటే దిద్దండి, లోటుంటే పూరించండి, రాసిన ప్రతి సంగతికీ ఆధారం చూపండి.