ఆంగ్లాభ్యాసకులకుఁ గథారచనావిధానము

ఆంగ్లభాష నభ్యసించు బాలురకుఁ జిన్నకథ వ్రాయుట సులభమని పలువురు తలంతురు. తెలిసిన కథ నొకదానిని గైకొని కఠినపదములఁ దొలగించినఁ జాలునని వారి యభిప్రాయము. వ్యాకరణదృష్టితోఁ జూచిన నిది చాలదు.

పదసంఖ్యకు మితి యుండవలయు ననుట నిజమే. మైకేల్ వెస్ట్ అను నాంగ్లేయుఁడు 1920–30 నడుమ ఢాకాలో వంగబాలురకై మితపదములతోఁ బాఠ్యకథలు సమకూర్చెను. క్రొత్తపదములు కొలఁదికొలఁదిగా వచ్చి మరల మరలఁ గానఁబడవలయు ననునది యతని పద్ధతి. అతఁడు 1953లోఁ బ్రకటించిన పట్టికలో నించుమించు 2000 పదములు కలవు.

కాని తెలుఁగు బాలునకుఁ బదములకన్న వాక్యనిర్మాణమే కష్టతరము. మనకు విభక్తి కారకమును దెలుపును. “బాలుఁ డెద్దును లాగెను”, “ఎద్దును బాలుఁడు లాగెను” అను రెంట నర్థ మొక్కటియే. ఆంగ్లమున, సర్వనామముల విషయము విడిచినచో, స్థానమే విభక్తి. ‘ది బాయ్ పుల్డ్ ది బుల్’ అనుచోట నామములు తాఱుమాఱైనఁ గర్మయే కర్త యగును. సూత్రము చెప్పిన బాలుఁడు వల్లించును, వ్రాయునపుడు మఱచును. ఆ మార్పే కథకు మలుపైనచో మఱవఁడు.

వస్తువు తెలిసినదై యుండవలయును. మంచు కురియు కథలో మా డిచ్‌పల్లి బాలునకుఁ బదమును గ్రొత్త, వస్తువును గ్రొత్త. చెఱకుబండి యట్లు కాదు. 1937లో స్థాపితమై 2015లో మూతపడిన బోధను నిజాము చక్కెర కర్మాగారమునకుఁ జెఱకు తోలిన ముచ్చట లిచ్చటి తాతలు చెప్పుచునే యుందురు. కావునఁ గథ నిట్లేర్పఱచితిని.

తాతయు మనుమఁడును జెఱకు నింపిన యొంటెద్దుబండితోఁ బోవుచుందురు. బురదలో నెద్దు నిలిచెను. బాలుఁడు పగ్గము పట్టి యెద్దును లాగెను. అది కదలలేదు. తాత ముందునకుఁ బోయి చెఱకాకు చూపెను. ఎద్దు బాలుని లాగెను!

రచనకు ముందు సమాపకక్రియలను మాత్రము వరుసగా వ్రాసికొనవలయును: నిలిచెను, లాగెను, కదలలేదు, చూపెను, లాగెను. తెలుఁగుకథ “నఱికి, యెత్తి, తోలుకొని” యని క్త్వార్థకములతో సాగును. ఆ గొలుసు నట్లే యాంగ్లమునకుఁ దెచ్చినచో నభ్యాసకుఁడు దారి తప్పును. క్రియ కొక వాక్యము మేలు.

ఈ కథను మరల వ్రాయుచు నొక బాలుఁడు మొదటనే ‘ది బుల్ పుల్డ్ ది బాయ్’ అని వ్రాసెను. ప్రక్కవాఁడు చూచి, “కథ యప్పుడే యయిపోయెనా?” యని నవ్వెను. వ్రాసినవాఁడు తానే దిద్దుకొనెను. నాకు సూత్రము చెప్పు పని లేకపోయెను.