ఎత్తింది సరే... ఆగుతుందా?

పండక్కి చీరాల వెళ్తూ నేను కట్టిన లెగో పొక్లెయిన్ తీసుకెళ్లా. బకెట్‌లో గుప్పెడు వేరుశనక్కాయలు పోసి, ఫోన్‌తో లేపా. లేచింది! మోటార్ ఆపగానే చేయి మెల్లగా జారిపోయింది. నిజం పొక్లెయిన్ నడిపే మా బాబాయ్ నవ్వాడు: ‘‘ఎత్తితే సరిపోదురా, ఎత్తింది ఆగాలి.’’

దీనికి మందు వార్మ్ గేర్. చూడ్డానికి మరమేకులా ఉంటుంది. అది ఒక చుట్టు తిరిగితే 24 పళ్ల చక్రం ఒక్క పన్నే కదులుతుంది. వేగం తగ్గి, బలం పెరుగుతుంది. బరువు ఎంత లాగినా చక్రం తిరిగి వార్మ్‌ని తిప్పలేదు. ఆపినచోటే చేయి ఆగుతుంది.

2019లో వచ్చిన లెగో లీబెర్ ఆర్ 9800లో 4,108 ముక్కలు, 7 మోటార్లు! అది కొనడం నా వల్ల కాదు. నాది 3 మోటార్లదే. కానీ డిజైన్ చేయడానికి ఖర్చు లేదు. 1995లో ఆస్ట్రేలియాకి చెందిన జేమ్స్ జెస్సిమన్ తయారుచేసిన ఎల్‌డ్రా ఉచితమే.

మా ఊళ్లో చీర డిజైన్‌ని గ్రాఫ్ కాగితం మీద గళ్లు నింపి గీస్తారు. ఆ కాగితం ఉంటే వేరే మగ్గం మీదా అదే అంచు నేయొచ్చు. నా ఫైలూ అంతే. స్టెప్పులతో సహా అందరికీ ఇచ్చేశా. ఎవరో కుర్రాడు చేయి ఇంకాస్త పొడవు పెంచి కట్టి, వీడియో పంపాడు. బాబాయ్‌కి చూపించా.

‘‘ఆగిందా?’’ అన్నాడు.

ఆగింది.