పొగ లేకున్నా ముప్పే

అండమాన్ నికోబార్ దీవుల్లో 15 ఏళ్లు నిండిన పురుషుల్లో దాదాపు 59 శాతం, మహిళల్లో 31 శాతం మంది పొగాకు వాడుతున్నారని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తెలిపింది. దేశ సగటు 38, 9 శాతమే.

ఫెరార్‌గంజ్ ఉన్న దక్షిణ అండమాన్‌లో వక్క ముఖ్యమైన పంట. వక్క, పొగాకు కలిపి నమలడం అక్కడ మామూలే. పొగ పీల్చకపోతే ముప్పు లేదనుకోవడం అపోహ. పొగాకులోని నైట్రోసమైన్లు నోటి కణాల డీఎన్‌ఏను దెబ్బతీసి క్యాన్సర్‌కు దారితీస్తాయి. ఒట్టి వక్క కూడా క్యాన్సర్ కారకమేనని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ప్రకటించింది. నికోటిన్ రక్తపోటును, గుండె వేగాన్ని పెంచుతుంది.

పొగతాగడం మానిన ఏడాదికి గుండెజబ్బు ముప్పు, తాగేవారితో పోలిస్తే, సుమారు సగానికి తగ్గుతుంది. మానడానికి సాయం కావాలంటే 1800-11-2356కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. నోట్లో పుండు రెండు వారాలైనా మానకపోతే వైద్యులకు చూపించాలి.