పిలిచినా పలకని స్పీకరు

మాట విని దీపం వెలిగించే అమెజాన్ ఎకో స్పీకరు మన దేశానికి 2017లో వచ్చింది. కొండాపురం వంటి మెట్ట గ్రామంలో మంచం దిగలేని వృద్ధునికి ఈ సాధనం వినోదం కాదు, అవసరం. అది పలకకుంటే లోపమెక్కడో వరుసగా వెదకాలి.

‘అలెక్సా’ అనే పిలుపును స్పీకరు తానే గుర్తిస్తుంది. నీలి వలయం వెలిగితే మైకు బాగున్నట్లే. ఎర్రగా ఉంటే మైకును ఆపి ఉంచారన్నమాట. తక్కిన మాట అంతర్జాలం ద్వారా దూరానున్న కంప్యూటర్లకు చేరి, అక్కడ అక్షరరూపం పొంది, ఆజ్ఞగా మారుతుంది. కనుక వలయం వెలిగినా పని జరగకుంటే ముందుగా రౌటరును చూడాలి. కరెంటు పోయి వచ్చినప్పుడు రౌటరు సిద్ధమయ్యాక స్పీకరును ఒకసారి ఆపి వేయడం మేలు.

అసలు చిక్కు తరచుగా భాషలో ఉంటుంది. ఇంగ్లీషుకు అమర్చిన యంత్రానికి ‘వంటిల్లు’ అర్థంలేని ధ్వని. యాప్‌లో ఆ దీపానికి ‘కిచెన్’ అని పేరు పెట్టి, అదే పేరుతో పిలవాలి. యంత్రానికి తెలుగు నేర్పడమూ తేలిక కాదు. ‘దీపమార్పు’ అన్నది ‘దీపము ఆర్పు’ అనే ఆజ్ఞా, లేక ‘దీపపు మార్పు’ అనే సమాసమా? సంధి ఎరిగిన మనకు సందర్భం దారి చూపుతుంది. యంత్రానికి దానిని వేర్వేరు సీమల గొంతులతో, ఉదయగిరి, ఆత్మకూరు యాసలతో సహా నేర్పవలసి ఉంటుంది.

అన్నీ సరిగా ఉన్నా బల్బు వెలగలేదా? గోడమీది స్విచ్ చూడండి. పడుకునేముందు దానిని ఆపడం మన ఇళ్లలో అలవాటు. స్మార్ట్ బల్బు ఆజ్ఞ అందుకోవాలంటే అది వేసే ఉండాలి.