సముద్రం దాటిన మిక్సీ

తెలుగునాట నుండి అమెరికాకు పిల్లల వద్దకు వచ్చే తల్లిదండ్రుల పెట్టెలలో ఆవకాయ పొట్లం పక్కన ఒక మిక్సీ కూడా చోటు చేసుకోవడం పరిపాటి. పచ్చికొబ్బరిని, నానిన మినపప్పును మెత్తగా నలపడం ఇక్కడి బ్లెండరుకు చేతకాదని మన ఇల్లాళ్ల అనుభవం. అది కొట్టిపారవేయదగినది కాదు. అయితే రెండు దేశాల విద్యుత్తు ఒకటి కాదు.

భారతదేశంలో ఇళ్లకు అందే ఏకాంతర విద్యుత్తు 230 వోల్టులు. సెకనుకు 50 ఆవర్తనాలు. అమెరికాలో 120 వోల్టులు, 60 ఆవర్తనాలు. బజారులో చవకగా దొరికే ప్లగ్గు అడాప్టరు పిన్నుల ఆకారానికి సరిపోతుందే తప్ప వోల్టేజిని మార్చదు. పొరపాటు జరిగేది ఇక్కడే.

మన మిక్సీని అడాప్టరుతో ఇక్కడ తగిలిస్తే అది నీరసంగా తిరుగుతుంది. అసలు ప్రమాదం తిరుగుప్రయాణంలో ఉంది. అమెరికాలో కొన్న 1,000 వాట్ల ఇస్త్రీపెట్టెను బంధువులకు కానుకగా ఇచ్చారనుకుందాం. అక్కడ దానిపై వోల్టేజి దాదాపు రెట్టింపు. అందుచేత దానిలో పారే విద్యుత్తు కూడా దాదాపు రెట్టింపు. ఈ రెండింటి లబ్ధమే సామర్థ్యం కనుక, ఆ పెట్టె 3,600 వాట్లకు పైగా గుంజుతుంది. ఫ్యూజు ముందుగా పోతే అదృష్టమే. లేకుంటే పెట్టె కాలిపోతుంది, ఒక్కొక్కప్పుడు ఇంటికే నిప్పంటుకుంటుంది.

వోల్టేజిని మార్చేది ట్రాన్స్‌ఫార్మరు. మోటారు కదలడం ఆరంభించే క్షణంలో మామూలుకన్న ఎన్నో రెట్లు విద్యుత్తు తీసుకుంటుంది గనుక 750 వాట్ల మిక్సీకి 1,500 వాట్ల ట్రాన్స్‌ఫార్మరు ఉండడం క్షేమం. అది ఇనుపదిమ్మెవలె బరువుగా ఉంటుంది. ప్రయాణికులకని అమ్మే తేలికైన కన్వర్టర్లలో అనేకం విద్యుత్ తరంగాన్ని ముక్కలుగా కోసి పంపుతాయి. అవి జుట్టు ఆరబెట్టే యంత్రం వంటివాటికే గాని మోటార్లకు పనికిరావు.

ఇంత చేసినా ట్రాన్స్‌ఫార్మరు పౌనఃపున్యాన్ని మార్చలేదు. మిక్సీలో బ్రష్షులున్న మోటారు దానిని పెద్దగా పట్టించుకోదు. వెట్ గ్రైండరులోని ప్రేరణ మోటారు మాత్రం ఆవర్తనాలను అనుసరించే తిరుగుతుంది. కనుక ఇక్కడ దాని వేగం సుమారు అయిదవ వంతు పెరుగుతుంది. దీనికి విపర్యయంగా, అమెరికాలో కొన్న పాతరకం విద్యుత్ గడియారాన్ని ట్రాన్స్‌ఫార్మరుతో భారతదేశంలో నడిపితే గంటకు పది నిమిషాలు వెనుకబడుతుంది! పైగా అటువంటి మోటార్లు 50 ఆవర్తనాల వద్ద ఎక్కువగా వేడెక్కుతాయి.

సెల్‌ఫోను, ల్యాప్‌టాప్ ఛార్జర్లకు సాధారణంగా ఈ బాధ లేదు. అవి వచ్చిన విద్యుత్తును ముందుగా ఏకముఖంగా మార్చుకొని, ఆపై సెకనుకు వేలసార్లు తెంపుతూ తమకు కావలసిన వోల్టేజిని తామే తయారుచేసుకుంటాయి. వాటి వీపున "100–240 వోల్టులు, 50/60 హెర్ట్జ్" అని ఉంటే అడాప్టరు ఒక్కటి చాలు. ఇస్త్రీపెట్టె, రైస్ కుక్కరు, గ్రైండరు అడుగున అలా ఉండడం అరుదు.

భారతీయ కంపెనీలే అమెరికా విద్యుత్తుకు తగినట్లు 110 వోల్టుల మిక్సీలను, గ్రైండర్లను తయారుచేసి ఇక్కడ అమ్ముతున్నాయి. వెల కొంత ఎక్కువే. ట్రాన్స్‌ఫార్మరు ఖరీదును, అది వంటగట్టుపై ఆక్రమించే స్థలాన్ని కూడా లెక్కవేస్తే ఆ ఎక్కువ అంతగా కనబడదు.